రక్తనాళపు గాయం మానడంలో హార్మోన్ల పాత్ర

గుండె రక్తనాళంలోని అడ్డును బుడగతో తెరచి, ఆ చోట స్టెంట్ అనే సన్నని లోహపు జాలీని అమర్చినప్పుడు రక్తప్రవాహం తిరిగి సాగుతుంది గాని, బుడగ, స్టెంట్‌ల ఒత్తిడికి నాళపు లోపొర చెదిరి కొత్త గాయం ఏర్పడుతుంది. ఎండోథీలియం అనే ఈ పొరలో ఉండేది ఒకే వరుస కణాలైనా, అవి నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తూ, రక్తం గడ్డకట్టకుండా కాపాడుతూ, తమ కిందనున్న కండర కణాలను అదుపులో ఉంచుతాయి. 1980లో శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమనులపై జరిపిన ప్రయోగాలతో ఈ పొర ప్రాధాన్యం తేటతెల్లమైంది.

గాయమైన చోట లోపొర కణాలు అంచుల నుంచి పాకుతూ ఖాళీని కప్పుతుండగా, కండర కణాలు లోపలికి చొచ్చుకొచ్చి పెరుగుతూ నాళాన్ని మళ్లీ ఇరుకు చేస్తాయి. అండాశయాలు స్రవించే ఈస్ట్రోజెన్ మొదటివాటిని త్వరపెట్టి, రెండోవాటి పెరుగుదలను తగ్గిస్తుందని జంతు ప్రయోగాలు చూపాయి. ఆ హార్మోన్‌ను గుర్తించే ఆల్ఫా గ్రాహకం లేని ఎలుకల్లో లోపొర త్వరగా కప్పుకొనే మేలు కనిపించలేదు. పురుషుల టెస్టోస్టెరాన్ కూడా కొంతమేరకు నాళపు గోడలోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది కాబట్టి, దాన్ని కేవలం హాని చేసేదిగా భావించడం సరికాదు.

ఈస్ట్రోజెన్ విషయం తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి జిల్లాల స్త్రీలకు మరింత దగ్గరగా తాకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, తెలంగాణలో దాదాపు 8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం ఉన్నారు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా తగ్గవలసిన ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అమెరికా నర్సులపై సాగిన అధ్యయనం 1987లో వెల్లడించినదాని ప్రకారం, రెండు అండాశయాలూ తీయించుకొని హార్మోన్లు వాడని స్త్రీలలో గుండె జబ్బు ముప్పు సుమారు రెట్టింపైంది. చిన్న వయసులో, చాలినంత కారణం లేకుండా ఈ ఆపరేషన్‌కు ఒప్పించడం అందుకే తీవ్రమైన విషయం.

అయితే ముట్లుడిగిన తర్వాత మాత్రల రూపంలో హార్మోన్ ఇస్తే నాళాలు బాగుపడతాయన్న ఆశ నిలవలేదు. అమెరికాలో జరిగిన పరీక్షలో, 16,608 మంది స్త్రీలతో ఈస్ట్రోజెన్‌ను ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్‌తో కలిపి ఇచ్చి చూసిన భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపివేశారు. గుండెపోటు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ తగ్గకపోగా పెరిగాయి. అప్పటికే కొవ్వు పేరుకుని గట్టిపడిన నాళంలో ఈస్ట్రోజెన్ పూర్వపు మేలు చేయలేదని, పైగా రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుందని, మొదలుపెట్టే వయసును బట్టి ఫలితం మారుతుందని పరిశోధకులు వివరిస్తున్నారు. గుండె రక్షణ కోసమని ఈ మాత్రలను సొంతంగా వాడడం ప్రమాదకరం.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడికి ఛాతీనొప్పితో వచ్చే స్త్రీని బీపీ, షుగర్ గురించి అడిగినట్లే, గర్భసంచి ఆపరేషన్ ఏ వయసులో జరిగింది, అండాశయాలు ఉంచారా తీశారా అనీ అడిగి కేసు షీట్‌లో రాయాలి; ఆ వివరం ఆమెకే తెలియని సందర్భంలో పాత డిశ్చార్జి కాగితమే ఆధారం కనుక, కుటుంబం దాన్ని భద్రపరచడం అవసరం.