కుక్కపిల్ల కొరకు నిరీక్షణము

విశాఖపట్టణమున ఫిషింగ్ హార్బర్ పరిసరములలో నివసించువారికి వేచియుండుట క్రొత్త కాదు. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, అనగా 61 దినములు, మరపడవలు వేటకు పోరాదు. ఆ దినములలో పడవలు జట్టీల చెంత కట్టియుండును. వలలు బాగుచేసికొనుట, పడవలకు రంగులు వేయుట జరుగుచుండును. చేప గ్రుడ్లు పెట్టు కాలమున దానిని కదపరాదనునదే ఈ నిషేధమునకు మూలము. ఈ నియమము నెరిగిన ఇండ్లలోనే, ఒక జాతి కుక్కపిల్లను తెచ్చుకొనదలచినపుడు ఓపిక నశించుట మేము చూచుచున్నాము. “బయానా ఇచ్చి రెండు నెలలైనది, ఇంకను పిల్లను ఇయ్యడేమి?” అని పెంపకందారుపై విసుగుకొనుచుందురు. ఆ రెండు నెలలలో ఏమి జరుగుచున్నదో నేడు కొంత వివరింపదలచితిమి.

కుక్క చూలు కట్టినది మొదలు ఈనువరకు సుమారు 63 దినములు పట్టును. హార్బరులో పడవలు కదలని కాలము కూడ ఇంచుమించు ఇంతియే. పుట్టిన పిల్లకు కన్ను కనబడదు, చెవి వినబడదు. పది, పదునాలుగు దినములకు కన్నులు తెరచును. మూడవ వారమునకు చెవులు పనిచేయును. నాలుగవ వారమున తల్లిపాలతోపాటు మెత్తని తిండి మొదలగును. చూచువారికి నెలపిల్ల బొద్దుగా, పరుగులెత్తుచు, ఇల్లు మారుటకు సిద్ధముగా నున్నట్లే తోచును. కాని అప్పటికి దాని చదువు ఆరంభదశలోనే యున్నది.

మూడవ వారము మొదలు ఎనిమిదవ వారము వరకు పిల్ల తన తోబుట్టువులతో పెనగులాడును. ఒకటి గట్టిగా కరచినచో రెండవది కుయ్యోమని ఆట మానివేయును. తల్లి గుఱ్ఱుమని మందలించును. నోటి బలమును అదుపులో నుంచుకొనుట పిల్ల ఈ విధముగానే నేర్చుకొనును. నెలకే విడదీసిన పిల్లకు ఈ శిక్షణ సగములో నిలిచిపోవును. అది ఇంటిలోని పసివారి చేతులను గట్టిగా పట్టుకొన్నపుడు, తప్పు దాని జాతిదని జనులు తలచుచుందురు.

రోగభయము ఇంతకంటె పెద్దది. పుట్టగనే త్రాగిన జున్నుపాల వలన పిల్లకు తల్లి యొక్క రోగనిరోధక శక్తి కొంత సంక్రమించును. అది కొన్ని వారములలో క్రమముగా తగ్గిపోవును. ఆ శక్తి మిగిలియున్నంత కాలము టీకా సరిగా పట్టదు. అందుచేతనే పశువైద్యులు ఆరు, ఎనిమిది వారముల నడుమ మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున పదునారు వారముల వరకు వేయుచుందురు. ఈ నడిమి కాలమున పార్వో అను వ్యాధి సోకినచో వాంతులు, నెత్తురు విరేచనములు కలిగి, చికిత్స లేనిదే పిల్ల బ్రతుకుట కష్టము. ఆ వైరసు నేలపై నెలల తరబడి నిలిచియుండును. చేపల తుక్కుకొరకు వీధికుక్కలు చేరు హార్బరు బురదలో అది ఉండవచ్చును. మన చెప్పులకు అంటి ఇంటికి రావచ్చును. టీకాలు పూర్తియగువరకు పిల్లను జట్టీపై దించరాదు. ఎత్తుకొని తిప్పి, పడవ ఇంజనుల చప్పుడును, జనసమ్మర్దమును అలవాటు చేయవచ్చును.

జాతిని బట్టి వేచియుండుటకు వేరు కారణములును కలవు. తమిళనాడులోని రాజపాళయము తెలుగు మాటలాడు రాజుల కుటుంబములకు పేరుపొందిన ఊరు. అచ్చటి తెల్లని వేటకుక్కజాతి ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందినది. 2005లో తపాలాశాఖ వెలువరించిన దేశీయ జాతికుక్కల బిళ్ళలలో అదియు నొకటి. అయితే ఈ తెల్లని పిల్లలలో కొన్ని చెవిటివిగా పుట్టును. గుంపులో నున్నపుడు చెవిటిపిల్ల తక్కినవాటిని చూచి పరుగెత్తును గనుక లోపము బయటపడదు. కొంత వయస్సు వచ్చిన పిమ్మట దానిని విడిగా నుంచి, వెనుకనుండి చప్పుడు చేసి చూడవలెను.

2017లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను చూలు కట్టింపరాదు. జీవితకాలమున ఐదు ఈతలకు మించరాదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి యొద్ద నమోదు కావలెను. కనుక బయానా ఇచ్చుటకు పూర్వమే నమోదుపత్రమును, పిల్లల తల్లిని చూపుమని అడుగుడు. తల్లిని చూపక, నేడే పిల్లను తీసికొనిపొమ్మని తొందరపెట్టువానినే శంకింపవలెను.

ఈలోపుగా ఇంటివారు ఆహారవిషయమున జాగ్రత్తలు తెలిసికొనుట మంచిది. పచ్చి కవళ్లను నిత్యము పెట్టినచో వాటిలోని ఒక పదార్థము బి1 విటమినును హరించును. ఉడికించి, ముళ్లు తీసి పెట్టిన ఆ దోషముండదు. ఎండుచేపలలో ఉప్పు ఎక్కువ గనుక అవి తగవు. వలలో పడిన పనికిరాని చేపలలో, గాలి పీల్చి బంతివలె ఉబ్బునది కుక్కకు ప్రాణాంతకము కావచ్చును. దాని విషము ఉడికించినను పోదు.

జాతికుక్కయే కావలెనను పట్టుదల లేనివారికి హార్బరులోని నాటుకుక్క పిల్లలు ఉండనే యున్నవి. అవి మన ఎండకు, ఉప్పుగాలికి తట్టుకొనునవి. అయినను వాటిని సైతము ఎనిమిది వారములు తల్లి చెంత నుండనిచ్చి, టీకాలు వేయించవలెను. మూడు నెలలు నిండగనే పిచ్చికుక్క వ్యాధికి టీకా తప్పనిసరి. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట మనుష్యునికైనను, కుక్కకైనను బ్రతుకు ఆశ లేదు. ఏ కుక్క కరచినను గాయమును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చేపకు 61 దినములు విడిచిపెట్టు కుటుంబములు కుక్కతల్లికి ఎనిమిది వారములు విడిచిపెట్టుట కష్టమని మేము తలపము.