సెలవులకు వచ్చే పిల్లలూ, అమ్మ చేతి పప్పుచారూ

వేసవి సెలవులు దగ్గరపడుతున్నవంటే మన చూలై ఇండ్లలో ఫోనులు మ్రోగడం మొదలవుతుంది. హైదరాబాదు నుండి కొడుకు, బెంగుళూరు నుండి కూతురు, అమెరికా నుండి మనుమలు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అమ్మా, మేమొచ్చేరోజు ఏం చేసి పెడతావు?" ఉదయం బెజవాడలో పినాకిని ఎక్కినవారు మధ్యాహ్నానికి సెంట్రలులో దిగి, కాళ్లు కడుక్కొని తిన్నగా విస్తరి ముందు కూర్చుంటారు.

వారు కోరేది విందు కాదు. గోంగూర పప్పు, బీరకాయ పచ్చడి, పప్పుచారు, మజ్జిగ అన్నంలోకి ఆవకాయ ముక్క. అంతే.

హైదరాబాదులో గోంగూర దొరకదా అని ఎవరైనా అడగవచ్చు. దొరుకుతుంది. కాని మన వంట అక్కడి వంటా కాదు, ప్రక్కింటి తమిళుల వంటా కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు అందులో చేరలేదు. మనం ఇక్కడే నిలిచాము. మన వంటిల్లు ఆ రెంటి నడుమ తన దారి తాను చేసుకొన్నది. బజారులో 'పుళిచ్చ కీరై' అని బేరమాడి తెచ్చిన ఆకు మన గడప దాటగానే గోంగూర అవుతుంది. ధనియాలు, శనగపప్పు, ఎండుమిరపకాయలు వేయించి కొట్టిన పొడితో ఒకనాడు సాంబారు. ఏ పొడీ లేకుండా పప్పుకట్టులో చింతపండు పిసికి, ఇంగువ పోపు పెట్టిన పప్పుచారు మరునాడు. రెండూ మనవే.

అయితే ఈ రుచి ఎవరి చేతిలో ఉన్నది? చాలా ఇండ్లలో డెబ్బదేండ్లు దాటిన అమ్మ చేతిలో. ఆమె కొలతలు గిద్దెడు, సోలెడు, చారెడు. నాలుగు గిద్దలు ఒక సోల అని నేటి పిల్లలలో ఎందరికి తెలుసు? 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత బజారులోకి కిలోలు, లీటర్లు వచ్చినవి. సోల మన బియ్యపు డబ్బాలో మిగిలిపోయినది.

కొందరు తల్లులు ఆవకాయ పాళ్లు పాత నోటుపుస్తకంలో వ్రాసి పెట్టారు. దానిని చదవగలవారేరీ? 2006లో తమిళనాడు ప్రభుత్వం బడులలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చి, ఒకటవ తరగతి నుండి ఏటేటా పై తరగతులకు అమలు జరిపినది. తమిళం నేర్చుకోవడం మంచిదే. మనం బ్రతుకుతున్న నేల భాష అది. కాని తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పిల్లలు మన ఇండ్లలో పెరుగుతున్నారు. అమ్మమ్మ దస్తూరి వారికి వట్టి గీతలు.

కనుక పెద్దలకు మా మనవి ఒకటి. ఈ సెలవులలో పిల్లలను విస్తరి ముందే కాక పొయ్యి దగ్గర కూడా కూర్చోబెట్టండి. అమ్మ చారెడు పోసినప్పుడు ఆ చారెడును తూచి ఎన్ని గ్రాములో చూడమనండి. ఆవకాయ ముక్కకు తడి తగిలితే బూజు పడుతుందనీ, మూడవనాడు ఊట ఊరిన తరువాత తిరగగలిపి ఉప్పు చూడాలనీ చెప్పండి. అదంతా తెలుగు అక్షరాలతోనే వ్రాయించండి. గోంగూర, చింతపండు, ఇంగువ అని కూడబలుక్కొని వ్రాసిన పిల్లవానికి తక్కిన అక్షరాలు భయపెట్టవు.

తిరిగి వెళ్లేనాడు పచ్చడి సీసాతోపాటు ఆ కాగితాన్ని కూడా సంచిలో పెట్టండి. సీసా నెలకో రెండు నెలలకో ఖాళీ అవుతుంది. కాగితం వారి పిల్లలకు కూడా పనికివస్తుంది.