సైకోబయోటిక్స్

పరీక్షకు ముందు కడుపులో తిప్పడం, దిగులు పట్టుకుంటే ముద్ద దిగకపోవడం అందరికీ అనుభవమే. మరి కడుపు మనసును మార్చగలదా? తగిన మోతాదులో తీసుకుంటే మానసిక వ్యాధి ఉన్నవారికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులను సైకోబయోటిక్స్ అంటున్నారు. ఐర్లండ్ శాస్త్రవేత్తలు టెడ్ డినాన్, కేథరిన్ స్టాంటన్, జాన్ క్రయాన్ 2013లో ఈ పేరు పెట్టారు.

దీని వెనక 2011 నాటి ఓ ప్రయోగం ఉంది. లాక్టోబాసిలస్ రామ్నోసస్ బ్యాక్టీరియా‌లో జేబీ-1 అనే రకాన్ని ఎలుకలకు తినిపించి నీళ్లలో వదిలారు. మామూలు ఎలుకలు ఈత మానేసి తేలిపోతుంటే, ఇవి ఇంకా కాళ్లాడించాయి. రక్తంలో ఒత్తిడి హార్మోను కూడా తక్కువే పెరిగింది. పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిని కత్తిరించిన ఎలుకల్లో మాత్రం ఈ మార్పేమీ కనిపించలేదు. కబురు వెళ్లే దారి అదేనన్నమాట.

శరీరంలో మనసు స్థితితో ముడిపడిన రసాయనమైన సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందని ఇలాంటి బ్యాక్టీరియా ఉత్పత్తుల ప్రకటనలు ఊదరగొడుతుంటాయి. అది నిజమే. కానీ ఆ సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదన్న సంగతి వాటిలో ఉండదు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవారు ఇలాంటి మాటలు నమ్మి వాటిని మానేయడం ప్రమాదకరం. బ్యాక్టీరియా ఉండే పెరుగన్నం హాయిగా తినొచ్చు, అయితే దాన్ని చికిత్స అనుకోకూడదు. ఏ రకం బ్యాక్టీరియా అన్నదే ఇక్కడ ముఖ్యం.

అయితే ఎలుకల్లో పనిచేసిన అదే జేబీ-1ను ఆరోగ్యవంతులైన 29 మంది పురుషులకు ఇచ్చి చూశారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగ్గా పనిచేయలేదు.