న్యూరో అంటే ఎందుకంత వణుకు?

ఎంబీబీఎస్ చదివే ఫ్రెండ్ ఉంటే ఒకసారి అడిగి చూడండి, "ఏ సబ్జెక్టంటే భయం?" అని. చాలామంది నోట వచ్చేది న్యూరోనే. ఈ భయానికి పేరు కూడా ఉంది, న్యూరోఫోబియా. 1994లో రాల్ఫ్ జోజెఫోవిచ్ అనే అమెరికా న్యూరాలజిస్టు పెట్టిన పేరది. అంటే మనోళ్లొక్కళ్లే కాదు, ప్రపంచమంతా వణుకుతోందన్నమాట!

చిక్కెక్కడంటే, ఫస్టియర్‌లో 12 జతల కపాల నాడులు, వెన్నుపాము దారులు బట్టీ పట్టిస్తారు. అప్పుడు ఎదురుగా పేషెంట్ ఉండడు. వార్డులో పేషెంట్ కనిపించేనాటికి బట్టీ కొట్టింది కాస్తా ఆవిరి. ఇక 'ఇది మన వల్ల కాదు, స్పెషలిస్టు చూసుకుంటాడులే' అనేసుకుంటారు.

కానీ స్పెషలిస్టు ఎక్కడున్నాడు? చేవెళ్ల దాటాక ఉన్న ఆలూరులో ఓ కూరగాయల రైతుకు పొద్దున్నే మూతి వంకర పోయిందనుకోండి. నిమ్స్‌కు 40 కిలోమీటర్ల పైనే. ముందు చూసేది దగ్గర్లోని ఎంబీబీఎస్ డాక్టరే. అదీ, పావురం నెత్తురు రాద్దామనే చుట్టాలను దాటుకుని వస్తేనే.

అక్కడ డాక్టరు అడగాల్సిన మొదటి మాట చాలా చిన్నది: "నుదురు ముడత పెట్టు పెద్దాయనా." నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ కనెక్షన్ ఉంటుంది. అందుకే స్ట్రోక్‌లో ఒకవైపు దెబ్బతిన్నా నుదురు మామూలుగానే ముడత పడుతుంది, మూతి మాత్రం వంకర. మొహంలోని నాడే దెబ్బతింటే (బెల్స్ పాల్సీ) ఆ వైపు నుదురూ కదలదు, కన్నూ సరిగా మూయలేరు. బెల్స్ అయితే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. స్ట్రోక్ అయితే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతుంటాయి. వెంటనే సీటీ తీయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. నుదురు కదిలినా, చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా ఆగేది లేదు, బండి ఎక్కించాల్సిందే.

ఇదంతా ఫస్టియర్‌ ఏడో నాడి పాఠంలో ఉన్నదే. రేఖల బొమ్మగా చూస్తే తలనొప్పి, పెద్దాయన మొహంలో చూస్తే రెండు నిమిషాల పని. అందుకే ఆ పాఠం రోజే స్టూడెంట్‌ను వార్డుకు తీసుకెళ్లి ఒక్క మొహం చూపించమంటాను. సుత్తితో మోకాలి మీద కొట్టడం, కాలు ఎగరడం అయితే హాస్టల్ రూమ్‌మేట్ మీదే ప్రాక్టీస్ చేయొచ్చు. వాడు తిట్టినా ఫర్లేదు.