పెద్దాసుపత్రికి రాశారా? ఈ నాలుగూ అడిగాకే బండెక్కండి!

చలికాలం వచ్చిందంటే అర్ధరాత్రి మా క్యాజువాలిటీలో ఎక్కువగా వినిపించే మాట ‘డాక్టరుగారూ, ఆయాసం!’. నేను ఓ ఏరియా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ని. మా దగ్గర ఆక్సిజన్ ఉంది, నెబ్యులైజర్ ఉంది, ఎక్స్‌రే ఉంది. పల్మనాలజిస్టు లేరు. అందుకే కొందరిని పెద్దాసుపత్రికి రాయక తప్పదు. అలా రాయగానే ఇంట్లోవాళ్లు ‘కారు రెడీగా ఉంది సార్, వెళ్లిపోతాం’ అంటారు. వెంటనే ఆపుతాను. కారులో ఏసీ ఉంటుంది, ఆక్సిజన్ ఉండదు కదా! మీ ఇంట్లోవాళ్లకి ఈ పరిస్థితి వస్తే, బయల్దేరే ముందు డాక్టర్ని ఈ నాలుగూ అడగండి.

1. ప్రయాణం తట్టుకుంటారా?
నాలుగు మాటలు కూడా కలిపి మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ముందు ఉన్నచోటే వైద్యం జరగాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గుండెను నొక్కేస్తుంటే, ఆ గాలిని సూదితో తీశాకే కదిలించాలి. ఎమర్జెన్సీలో ప్రాణం కాపాడే వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

2. ఊపిరితిత్తుల డాక్టరేనా, గుండె డాక్టరా?
ఆయాసమంతా ఊపిరితిత్తులదే కాదు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఆయాసమే, షుగరు విపరీతంగా పెరిగినా ఆయాసమే. ఈసీజీ, షుగర్ టెస్టు చేసి చూస్తే, వెళ్లాల్సిన చోటు కాకుండా ఇంకోచోటికి వెళ్లి గంటలు పోగొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి బెడ్డు, వెంటిలేటర్ ఉన్నాయో లేదో కనుక్కోమనండి. అక్కడ ఎవరిని కలవాలో రాసుకోండి.

3. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది?
ఇది చిన్న లెక్కే. చిన్న అంబులెన్సుల్లో కనిపించే బి-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. రెండు గంటల దారికి చాలనిపిస్తుంది. ట్రాఫిక్కో, రైల్వే గేటో అడ్డం పడితే? అందుకే రెండో సిలిండర్ ఉందా అని అడగండి. దారిలో పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టొద్దు. వీపుకి ఆనుడు పెట్టి కూర్చోబెడితే ఊపిరి కాస్త తేలికవుతుంది.

4. చీటీలో ఏం రాశారు?
‘ఆయాసం, రెఫర్’ అని రెండు ముక్కలు రాస్తే చాలదు. వచ్చేటప్పటికి ఆక్సిజన్ ఎంత, ఇప్పుడెంత, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి ఇచ్చారు... అన్నీ ఉండాలి. ఏళ్లతరబడి బీడీలు తాగినవాళ్లకి, కట్టెల పొయ్యి పొగ పీల్చిన మన అమ్మమ్మలకి వచ్చే సీవోపీడీ ఉంటే అదీ రాయాలి. వీళ్లలో చాలామందికి ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంచితే చాలు. తెలియక 100కి పెంచేస్తే, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారిపోవచ్చు.

ఇక మీ వంతు. ఎక్స్‌రే, చీటీ, వాడుతున్న మందులు, ఇన్‌హేలర్ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒరిజినల్స్ వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ఉండగానే ఆయాసం ముదిరితే కారు తాళాలు వెతక్కుండా 108కి ఫోన్ చేయండి. ఇవన్నీ అడిగితే డాక్టరు విసుక్కుంటారేమోనని మొహమాటపడొద్దు. మా డ్యూటీలో ఇలా అడిగే కుర్రాడో, అమ్మాయో వెంట ఉంటే నాకే ధైర్యంగా ఉంటుంది.