ఇరుగుపొరుగుల కావలి

గృహస్థు తాళము వేసి తీర్థయాత్రకో పెండ్లికో తరలిపోయిన సంగతిని దొంగకు తెలుపుటకు వేగులవా రెవ్వరును అక్కరలేదు. ఆ యింటి వాకిలియే తెలుపును. రెండు దినముల వార్తాపత్రికలు గేటులోపల పడియుండును. తీయువారు లేక పాలపొట్లములు సంచిలోనే పులియుచుండును. పట్టపగలు వరండాదీపము వెలుగుచుండును. అన్నిటికంటె ముఖ్యముగా, తెల్లవారి యెంతసేపైనను ఆ గడపయెదుట కల్లాపియు ముగ్గును కానరావు. ప్రక్కయింటి యిల్లాలు తన వాకిలితోపాటు ఆ వాకిలిని గూడ ఊడ్చి, నాలుగు గీతల ముగ్గు పెట్టి, పత్రికలు తీసి దాచి, సందెవేళ దీపము వెలిగించి ప్రొద్దుట ఆర్పినచో, ఆ యింట మనుష్యులు మసలుచున్నట్లే చూపరులకు తోచును. నేరనివారణమందు పౌరుడు చేయదగిన సేవలో అధికభాగము ఇట్టిదే; టార్చిలైటు పట్టుకొని తిరుగు గస్తీ దీని తరువాతిది.

పూర్వము మన గ్రామములలో కావలిపనికి తలారి యుండెడివాడు. ఊరివారందరి ముఖములను అతడెరుగును గనుకనే, పొద్దుగూకిన పిదప ఊరు చొచ్చిన క్రొత్తముఖము అతని కంటబడక తప్పెడిది కాదు. నగరములందు ఈ యెరుక క్షీణించినది. ఒకే మెట్లదారిని ఎక్కి దిగు రెండు కుటుంబములు ఏండ్లతరబడి పరస్పరము పేరెరుగకయే కాపురముండుట నేడు వింతగా తోచుటలేదు.

ఈ దూరమెంతటి భీతిని గొల్పగలదో అమెరికాదేశము 1964లో చూచినది. ఆ మార్చినెలలో న్యూయార్కు నగరమందలి క్వీన్స్ ప్రాంతమున కిట్టీ జెనోవీస్ అను యువతి, వేకువకు ముందు, తన నివాసమునకు సమీపముననే కత్తిపోట్లకు గురియై మరణించెను. 38 మంది పొరుగువారు చూచుచునే మిన్నకుండిరని పత్రికలు వ్రాయగా దేశమంతయు సిగ్గుపడినది. ఆ వార్తలో అతిశయోక్తి మెండనియు, హంతకుడు వెడలిపోయెనో లేదో తెలియకయే ఒక పొరుగు స్త్రీ పరుగున దిగివచ్చి మరణించుచున్న యామెను చేతులలో పొదివికొనినదనియు లోకము చాలకాలమునకు గాని చక్కగా గ్రహింపలేదు. కావలిని గూర్చి తలచునపుడు నాకు ఆ ముప్పదియెనమండ్రకంటె ఆ యొక్క స్త్రీయే ముందుగా స్ఫురించును. 1972లో అచటి షెరీఫుల జాతీయసంఘము ఇరుగుపొరుగుల కావలిని దేశవ్యాప్తమైన కార్యక్రమముగా నారంభించెను. పదేండ్లకు ఇంగ్లండులో చెషైర్ ప్రాంతపు మోలింగ్టన్ గ్రామమున ఆ పద్ధతి నాటుకొనినది.

ఫలితమేమని యడుగువారికి, అనేక పరిశోధనలను క్రోడీకరించి బెన్నెట్, హాలోవే, ఫారింగ్టన్ అను పండితులు 2008లో ప్రకటించిన సమీక్ష కొంత సమాధానమొసగుచున్నది. ఇట్టి కావలి గల చోట్ల నేరములు సగటున 16 మొదలు 26 శాతము వరకు తగ్గినట్లు వారు గణించిరి. అన్నిచోట్ల నీ మేలు కలుగలేదు. పైపెచ్చు, కావలిసంఘములు ప్రశాంతములైన సంపన్నుల పేటలలో సులభముగ నేర్పడుచు, నేరము ప్రబలిన బీదవాడలలో నిలద్రొక్కుకొనలేకపోవుట ఈ ఉద్యమమునకు పెద్ద లోపము.

అంతకంటె ఘోరమైన ప్రమాదము వేరొకటి కలదు. కావలివాడు తానే రక్షకభటుడను, తానే న్యాయమూర్తిని అని భావించిన క్షణమున రక్షణము హింసగా పరిణమించును. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడారాష్ట్రపు శాన్‌ఫర్డ్ పట్టణమున ఇట్టి స్వచ్ఛందసేవకుడొకడు, వెంబడింపనక్కరలేదని పోలీసుకేంద్రమువారు ఫోనులో చెప్పిన కొలది నిమిషములకే, చేత నే యాయుధమును లేని ట్రేవన్ మార్టిన్ అను పదునేడేండ్ల బాలుని తుపాకితో కాల్చి చంపెను. ఆత్మరక్షణార్థమే కాల్చితినన్న అతనిని జ్యూరీ మరుసటి యేట నిర్దోషిగా విడిచినది. బాలుడు మాత్రము తిరిగి రాలేదు. మన తమిళనాట 1993లో రామనాథపురమున ప్రతీప్ ఫిలిప్ అను పోలీసు అధికారి నెలకొల్పిన పోలీసు మిత్రుల వ్యవస్థ ఎంతో పేరుపొందియు, 2020లో సాత్తాన్‌కుళం పోలీసు నిర్బంధమరణముల సందర్భమున దానిపై నారోపణలు రాగా ప్రభుత్వముచే నిలిపివేయబడెను.

మన యనుభవము దూరమేమియు కాదు. 2018 మే నెలలో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని వాట్సాపులో వ్యాపించిన వదంతిని నమ్మి, ఉభయ తెలుగు రాష్ట్రములందును యువకులు కర్రలు బూని రాత్రులు గస్తీ తిరిగిరి. వారిలో ననేకులు తమ బిడ్డలపై ప్రేమచేతనే మేలుకొనియుందురు. కాని చిక్కినవారెవరు? భాష తెలియని వలసకూలీలు, మతిస్థిమితము లేనివారు, భిక్షుకులు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటనమునకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని మూక కొట్టి చంపినది. క్రొత్తముఖము కనబడుటయే నేరమైనచో దానిని కావలి యనరాదు.

కావున పౌరుడు చూడవలయును, తెలుపవలయును. పట్టుకొనుట ఆతని వృత్తి కాదు. కన్నులయెదుట వారంటు అక్కరలేని, బెయిలుకు వీలుగాని నేరము జరిగినపుడు నేరస్థుని నిర్బంధించు హక్కును భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను సామాన్యునికిని ఇచ్చుచున్నను, ఆరు గంటలలోపల అతనిని పోలీసులకు అప్పగింపవలెనని ఆ సెక్షనే శాసించుచున్నది. చిక్కినవానిపై చేయిచేసికొను హక్కును ఏ చట్టమును ఈయలేదు. 112కు ఫోను చేసి, బండి నంబరు, రంగు, అది పోయిన దిక్కు, చూచిన సమయము స్పష్టముగ చెప్పుట వందమంది కర్రలు పట్టి పరుగెత్తుటకంటె మేలు.

ఇందుకు పెద్ద సన్నాహ మక్కరలేదు. వీధిలోని యిండ్లవారి ఫోను నంబర్లు, ఒంటరిగా నుండు వృద్ధుల వివరములు, ఊరికి పోవువారి తేదీలు నమ్మకమైన యొకరిద్దరియొద్ద ఉండవలయును; స్టేషను ఇన్‌స్పెక్టరును ఒకమారు పిలిచి మాటాడవలయును. అయితే మన కాలనీ సంఘములు సాధారణముగ సొంతయిండ్లవారినే సమావేశపరచును, ఇది నాకు పొరపాటుగా తోచుచున్నది. వీధి మొగను ఇస్త్రీబండి పెట్టుకొనినవాడు, తెల్లవారుజామున పాలు వేయు కుర్రవాడు, అపార్టుమెంటు వాచ్‌మనును ఆతని భార్యయు, ఇంటింట పాచిపని చేయు స్త్రీలు ఆ వీధిని మనకంటె ఎక్కువగా నెరుగుదురు. నగ పోయిన నాడు అనుమానము ముందుగా వారిమీదికే పోవును. తొలి సమావేశమునకు వారిని గూడ పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, వారు చూచినదేమో అడిగి తెలిసికొనవలయును.