ద్రవ్యరాశి వేరు, భారము వేరు

అంగడికి పోయి ఒక కిలోగ్రాము కందిపప్పు కొందుము. "కిలో బరువు" అని వ్యవహరింతుము. ఇంతకును ఆ కిలోగ్రాము దేనికి కొలత? సంచిలో పప్పు ఎంత ఉన్నది అన్నదానికా? లేక ఆ సంచి మన చేతిని ఎంత బలముతో క్రిందికి లాగుచున్నది అన్నదానికా? ఈ రెండును ఒకటే యని తోచును. "ద్రవ్యరాశి మారదు, భారము మారును" అని విద్యార్థులు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. కాని "మారునని ఎట్లు తెలిసినది?" అని అడిగినచో పలువురు మౌనము వహింతురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఒక వస్తువునందున్న పదార్థపు పరిమాణము దాని ద్రవ్యరాశి. దీనిని కిలోగ్రాములలో కొలుతురు. ఆ వస్తువును భూమి తనవైపునకు లాగు బలము దాని భారము. ఇది బలము కనుక న్యూటన్లలో కొలువవలయును. ద్రవ్యరాశిని ఆ చోటి గురుత్వ త్వరణముతో గుణించినచో భారము వచ్చును. గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు సుమారు 9.8 మీటర్లు. కావున మన కిలోగ్రాము పప్పు భారము సుమారు 9.8 న్యూటన్లు.

వెనుకబడిన గడియారము

1672లో జాన్ రిషే అను ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు గ్రహములను పరిశీలించుటకై దక్షిణ అమెరికా ఉత్తర తీరమందలి కయెన్ పట్టణమునకు వెళ్ళెను. అది భూమధ్యరేఖకు ఉత్తరమున 5 డిగ్రీల దూరమున ఉన్నది. పారిస్‌లో సరిగా సెకనులు కొట్టు లోలకము అచ్చట రోజునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడుచుండెను. దానిని సరిచేయుటకు లోలకపు పొడవును సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గింపవలసి వచ్చెను.

ఉష్ణదేశపు వేడికి లోలకపు కడ్డీ సాగినదేమో యని సందేహము కలుగవచ్చును. లెక్క వేసి చూతము. ఒక మీటరు ఇనుప కడ్డీ 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కినచో సాగునది పావు మిల్లీమీటరు మాత్రమే. మూడు మిల్లీమీటర్ల తేడాకు అది చాలదు. లోలకపు గుండు అదియే, అందలి లోహము అంతయే. దానిని క్రిందికి లాగు బలము మాత్రము తగ్గినది. భూమి తన చుట్టు తాను తిరుగుటయు, భూమధ్యరేఖ వద్ద కొంచెము ఉబ్బి యుండుటయు ఇందుకు కారణములు. 1687లో ప్రకటించిన తన గ్రంథమున న్యూటన్ ఈ పరిశీలనను భూమి ఆకారమునకు నిదర్శనముగా గ్రహించెను.

రెండు త్రాసులు

పారిస్‌లో గుర్తులు వేసిన స్ప్రింగు త్రాసునకు కిలోగ్రాము పప్పు తగిలించి, కయెన్‌కు కొనిపోయినచో అది సుమారు 997 గ్రాములు చూపును. పప్పులో ఒక గింజయు తగ్గలేదు. సామాన్యత్రాసులో ఒక తట్టలో పప్పును, రెండవ తట్టలో కిలో రాయిని ఉంచినచో, పారిస్‌లోను కయెన్‌లోను ముల్లు నిలువుగానే నిలుచును. పప్పు భారము తగ్గినంతగా రాయి భారమును తగ్గును గదా! చంద్రునిపై రెండింటి భారమును ఆరవ వంతగును. అచ్చటను ముల్లు చలింపదు.

సామాన్యత్రాసు భారములనే పోల్చుచున్నది గదా, దానితో ద్రవ్యరాశి ఎట్లు తెలియును? ఒకే చోట భారము ద్రవ్యరాశికి అనులోమానుపాతముగా ఉండుటచేత తెలియును. పదార్థము మారినను ఈ నియమము తప్పునా? న్యూటన్ బంగారము, వెండి, సీసము, గాజు, ఇసుక, ఉప్పు, కొయ్య, నీరు, గోధుమలు తీసికొని, వానితో సమానమైన లోలకములు చేసి ఊపి చూచెను. అన్నియు ఒకే కాలములో ఊగెను.

నేడు అంగళ్ళలో కనిపించు ఎలక్ట్రానిక్ త్రాసు స్ప్రింగు త్రాసు జాతికి చెందినదే. అది బలమును కొలిచి, కిలోగ్రాములుగా మార్చి చూపును. కావుననే సున్నితమైన త్రాసును అది వాడుకలో ఉండు చోటనే ప్రామాణికమైన తూనికరాయితో సరిచూడవలయును. పారిస్‌కును కయెన్‌కును గల తేడా పది గ్రాముల బంగారములో 30 మిల్లీగ్రాములు. కొనువాడైనను అమ్మువాడైనను దీనిని అల్పమని తలపడు.

భారము తెలియని చోట

భూమి చుట్టు తిరుగు నౌకలో ఈ రెండు త్రాసులును పనిచేయవు. అచ్చటను భూమి ఆకర్షణ ఉన్నది. కాని నౌక, త్రాసు, మనిషి అన్నియు కలిసి ఆ ఆకర్షణకు లోబడి పడిపోవుచుండుటచేత త్రాసు సున్న చూపును. ద్రవ్యరాశి మాత్రము నశింపదు. 1973లో అమెరికావారు ప్రయోగించిన స్కైలాబ్‌లో వ్యోమగాములు స్ప్రింగులకు అమర్చిన కుర్చీలో కూర్చుండి ఊగెడివారు. ద్రవ్యరాశి హెచ్చుకొలది కుర్చీ మెల్లగా ఊగును. ఊగు కాలమును బట్టి ద్రవ్యరాశిని లెక్కించెడివారు. కదలికను మార్చుటకు వస్తువు చూపు ఈ అయిష్టతయే జడత్వము. ద్రవ్యరాశి దానికి కొలత.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ కుర్చీ వంటి పరికరమును ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. ఒక హాక్సా బ్లేడును, దాని వెడల్పు నిలువుగా ఉండునట్లు, బల్ల అంచున గట్టిగా బిగింపుడు. బయటి కొనకు ఒక నాణెమును దారముతో కట్టి ప్రక్కకు లాగి విడువుడు. అది కుడియెడమలకు ఊగును. ఇరువది ఊపుల కాలమును గుర్తింపుడు. తరువాత రెండు, మూడు, నాలుగు నాణెములు కట్టి చూడుడు. కాలము క్రమముగా పెరుగును. ఊపు అడ్డముగా ఉన్నందున భూమి లాగుడు దీనికి తోడ్పడుటయు లేదు, అడ్డగించుటయు లేదు. ఇట్లు ద్రవ్యరాశిని భారముతో ప్రమేయము లేకుండ చూచిన విద్యార్థి ఆ నిర్వచనమును కంఠస్థము చేయనక్కరలేదు. మనము ఇంటికి తెచ్చుకొన్న కిలోగ్రాము సంచి లాగుడుకు కాక, అందలి పప్పునకే కొలత యని తానే చెప్పగలడు.